కోఠీ మ్యాథ్స్ ల్యాబ్ కిట్టు: ఏది క్లాసుకు పనికొస్తుంది, ఏది బీరువాలో ఉండిపోతుంది

జూన్‌లో బడులు తెరిచేటప్పుడు, మళ్ళీ డిసెంబరు 22న జాతీయ గణిత దినోత్సవం దగ్గర పడ్డప్పుడు హైదరాబాద్‌లో కోఠీ, సుల్తాన్ బజార్ వైపు స్కూలు సామాను దుకాణాల్లో లెక్కల టీచర్లు అడిగే సరుకు ఒకటుంది. "ఆరు నుంచి పదో తరగతి వరకు మ్యాథ్స్ ల్యాబ్ కిట్" అని పైన అచ్చువేసిన అట్టపెట్టె. తయారుచేసేవాళ్ళ పేర్లు మారుతుంటాయి గాని లోపల సరుకు ఇంచుమించు ఒక్కటే: జియోబోర్డు (గుబ్బల పలక), ఆల్జీబ్రా టైల్స్, పారదర్శక ప్లాస్టిక్ ఘనాకృతులు, పైథాగరస్ పలక, క్లినోమీటరు (పైకి చూసే కోణం కొలిచేది), రెండు పాచికలు, ఒక కట్ట యాక్టివిటీ కార్డులు. ఈ రివ్యూ ఆ పెట్టె గురించి.

మేళాలో బల్ల మీద పేర్చడానికైతే ఏ కిట్టయినా సరిపోతుంది. ఇక్కడ చూసింది వేరే పని. పిల్లలే కొలిచి, ఊహించి, ఊహ తప్పితే దిద్దుకుని, విషయాన్ని తామే కనుక్కునే క్లాసుకు ఈ సామాను ఎంతవరకు ఆసరా అవుతుంది? 40 మంది పిల్లలు, ఒక్క టీచరు, 45 నిమిషాల పీరియడు అనుకుని రాసిన మాటలివి.

తీర్పు ముందే చెప్పేస్తాం. సామానులో సగం బాగుంది, కొనొచ్చు. కార్డులు మాత్రం బాగోలేవు. వాటిని పిల్లల చేతికి ఇవ్వకండి. ప్రతి కార్డూ వంట పుస్తకంలా "ఇలా చేయండి, ఇలా వస్తుంది, కాబట్టి సూత్రం ఇది" అని ముగించేస్తుంది. జవాబు కింద అచ్చయి ఉంటే పిల్లవాడు దేనికోసం వెతకాలి? ప్రశ్న మారిస్తే అదే ప్లాస్టిక్ ముక్క మంచి పాఠమవుతుంది. కాబట్టి ఒక్కో వస్తువు దగ్గర దాని నాణ్యతతో పాటు ఏ ప్రశ్నతో వాడాలో కూడా రాశాం.

మొదట ఘనాకృతుల సెట్టు, ఎందుకంటే పెట్టెలో అందరినీ ఆకర్షించేది అదే, ఎక్కువ తప్పుగా వాడేదీ అదే. శంకువు, స్థూపం బయటి కొలతలు సమానంగా ఉంటాయి: వ్యాసం 7 సెం.మీ., ఎత్తు 10 సెం.మీ., ప్లాస్టిక్ మందం 2 మి.మీ. అనుకోండి. కార్డు ఇలా అంటుంది: శంకువును మూడుసార్లు నింపి స్థూపంలో పోయండి, స్థూపం నిండుతుంది. చేసి చూస్తే నిండదు. మూడోసారి పోశాక కూడా పైన దాదాపు అర సెంటీమీటరు ఖాళీ మిగులుతుంది. అప్పుడు సాధారణంగా జరిగేదేమిటంటే, చివరిసారి రవ్వను గుమ్మటంగా నింపి "చూశారా, నిండిపోయింది" అని బోర్డు మీద సూత్రం రాసేస్తారు. కళ్ళెదుట కనిపిస్తున్న ఖాళీని పట్టించుకోవద్దని పిల్లలకు మనమే నేర్పినట్టవుతుంది. ఇంతకన్నా నష్టం ఇంకోటి లేదు.

ఆ ఖాళీయే అసలు పాఠం. "ఎందుకు నిండలేదు?" అని అడిగి ఊరుకోండి. లోపలి కొలతలు వేరు, బయటి కొలతలు వేరు అన్న సంగతి ఎవరో ఒకరు పట్టుకుంటారు. సన్నటి పుల్లను నిలువుగా ముంచి లోపలి లోతు కొలవమనండి. స్థూపం అడుగు మందం పోగా లోతు 9.8, లోపలి వ్యాసార్ధం 3.3 వస్తాయి. శంకువు దగ్గర పిల్లలు ఆశ్చర్యపోతారు. దాని గోడ వాలుగా ఉంటుంది కాబట్టి 2 మి.మీ. మందం లోపలి లోతును 6 మి.మీ. తినేస్తుంది. లోతు 9.4, మూతి వ్యాసార్ధం సుమారు 3.29. ఇక లెక్కేస్తే స్థూపంలో సుమారు 335 ఘన సెం.మీ. పడుతుంది, శంకువులో సుమారు 106. మూడు శంకువులు కలిపితే 319. తగ్గిన 16 ఘన సెం.మీ.ను స్థూపం అడుగు వైశాల్యంతో భాగిస్తే 0.47 సెం.మీ. వస్తుంది. బల్ల మీద కనిపించిన ఖాళీ, కాగితం మీద వచ్చిన ఖాళీ ఒకటే అని తేలిన క్షణం పదో తరగతి క్షేత్రమితిలో మరచిపోలేనిది.

పోసే పదార్థం విషయంలో పొరపాట్లు ఎక్కువ. బియ్యం వద్దు, గింజలు శంకువు కొనదాకా దిగవు. నీళ్ళు కచ్చితమే గాని శంకువు నిలబడదు, బెంచీలు తడుస్తాయి. బొంబాయి రవ్వ మంచిది, జట్టుకు పావుకిలో చాలు. వానాకాలంలో తేమకు రవ్వ గోడలకు అంటుకుంటుంది, ముందురోజు ఎండలో పెట్టాలి. ఇంకో సంగతి: తడితే రవ్వ కుదురుకుంటుంది. స్థూపాన్ని తట్టి, శంకువును తట్టకపోతే లెక్క చెడుతుంది. తడితే రెండూ తట్టాలి, లేకపోతే ఏదీ తట్టకూడదు. నింపాక మూతి మీద స్కేలు పెట్టి సమంగా గీయాలి.

పెట్టెలో ఒక్కటే సెట్టు ఉంటుంది, 40 మందికి అది చూపుడు సామానే. మిగతా జట్లకు చార్టు కాగితంతో శంకువులు చేయించవచ్చు. వ్యాసార్ధం 3.3, ఎత్తు 9.8 ఉండే శంకువు కావాలంటే 10.3 సెం.మీ. వ్యాసార్ధంతో 115 డిగ్రీల సెక్టారు గీసి, అంటించడానికి ఒక సెంటీమీటరు అంచు వదిలి కత్తిరించాలి. ఈ 115 ఎలా వచ్చిందన్నది ముందు చెప్పకండి, వాళ్ళనే తేల్చమనండి. కాగితం పలచన కాబట్టి ఈ శంకువుతో మూడుసార్లకు స్థూపం దాదాపు అంచుదాకా వస్తుంది. ప్లాస్టిక్‌తో నిండనిది కాగితంతో ఎలా నిండిందన్న చర్చ దానంతట అదే మొదలవుతుంది.

జియోబోర్డు. పెట్టె మొత్తంలో పెట్టిన డబ్బుకు ఎక్కువ పని చేసేది ఇదే. ఒకవైపు ఐదేసి గుబ్బలు ఐదు వరుసలు, రెండోవైపు వృత్తాకారంలో గుబ్బలు. ఈజిప్టులో పుట్టిన గణిత విద్యావేత్త కాలెబ్ గాటెన్యో ప్రచారంలోకి తెచ్చిన పరికరం ఇది. కొనేటప్పుడు ఒక్కో గుబ్బనూ బొటనవేలితో పక్కకు నొక్కి చూడండి. అచ్చులో బోర్డుతో కలిసి వచ్చినవి నిలుస్తాయి, విడిగా గుచ్చినవి ఊడతాయి. పెట్టెలో వచ్చే రబ్బరు బ్యాండ్లను నమ్ముకోవద్దు. మన ఎండాకాలం సెలవులు అయ్యేసరికి పెళుసెక్కి, లాగగానే తెగి ముఖాన కొడతాయి. జూన్‌లో కొత్త పొట్లం తెచ్చుకుని, లాగేటప్పుడు ముఖం దూరంగా పెట్టమని మొదటి రోజే చెప్పాలి.

కార్డు ఏమడుగుతుంది? "నాలుగు, మూడు యూనిట్ల దీర్ఘచతురస్రం చేసి చుట్టుకొలత, వైశాల్యం రాయండి." దీనికి బోర్డే అక్కర్లేదు. దీని బదులు ఒక్క వాక్యం: "ఈ బోర్డు మీద ఎన్ని వేరువేరు సైజుల చతురస్రాలు చేయగలరు?"

మొదటి రెండు నిమిషాల్లో అన్ని జట్లూ నాలుగు అంటాయి: వైశాల్యం 1, 4, 9, 16. అక్కడితో అయిపోయిందనుకుంటారు. "ఇంతేనా? కచ్చితంగా ఇంతేనా?" అని మాత్రం అడిగి ముందుకు కదలాలి. ఏదో ఒక జట్టులో ఎవరో బ్యాండును ఏటవాలుగా తగిలిస్తారు. "సార్, గిది వంకరగున్నది, గిది గూడ చతురస్రమేనా?" అన్న ప్రశ్న అప్పుడు వస్తుంది. అవుననీ కాదనీ చెప్పకండి. "ఎలా తేల్చుకుంటావు?" అనండి. నోట్‌బుక్కు మూలను గుబ్బ దగ్గర ఆనించి లంబకోణం చూస్తారు, నాలుగు భుజాలూ "ఒకటి పక్కకు, రెండు పైకి" వెళ్ళాయని గమనిస్తారు. ఇక వైశాల్యం ఎంత? చుట్టూ మూడు, మూడు యూనిట్ల పెద్ద చతురస్రం గీసి, మూలల్లోని నాలుగు త్రిభుజాలు తీసేస్తే తొమ్మిదిలోంచి నాలుగు పోయి ఐదు. అలాగైతే భుజం పొడవు ఎంత? దానిని దానితోనే గుణిస్తే ఐదు వచ్చే సంఖ్య. ఐదుకు వర్గమూలం అనే మాట ఇక్కడ చేతికి తగిలే వస్తువవుతుంది. పైథాగరస్ సిద్ధాంతం ఇంకా చెప్పకముందే ఎనిమిదో తరగతి పిల్లలు దాని గుమ్మం దాకా వచ్చేసినట్టు.

మొత్తం సైజులు ఎనిమిది: 1, 2, 4, 5, 8, 9, 10, 16. ఈ వరుసను బోర్డు మీద రాసి, 3, 6, 7 ఎందుకు లేవని అడగండి. ప్రతి వైశాల్యమూ రెండు వర్గాల మొత్తమని (1 అంటే 1 కలిపి 0, 5 అంటే 1 కలిపి 4) కొందరు పట్టుకుంటారు. వెంటనే ఇంకో చురుకైన పిల్ల "4 కలిపి 9 అంటే 13 రావాలి కదా, ఎందుకు రాలేదు?" అంటుంది. బోర్డు చాలదు, అంతే. ఆరేసి గుబ్బల బోర్డు అయితే 13 పడుతుంది. సైజులు కాకుండా మొత్తం చతురస్రాలు లెక్కపెట్టమంటే 50 వస్తాయి: నిటారువి 30, వాలువి 20. వాలువాటిని రెండుసార్లు లెక్కపెట్టడం, లేదా ఎడమకు ఒరిగినవి వదిలేయడం మామూలుగా జరిగే తప్పు. సైజును బట్టి పట్టిక వేయిస్తే సర్దుకుంటుంది.

తొమ్మిదో తరగతికి ఇదే బోర్డు మీద ఇంకో మెట్టు. ఏ బహుభుజినైనా చేసి, అంచు మీది గుబ్బలు ఎన్ని, లోపలి గుబ్బలు ఎన్ని, వైశాల్యం ఎంత అని పట్టిక వేయమనండి. జార్జ్ పిక్ 1899లో చెప్పిన సూత్రం పిల్లలకే తడుతుంది: లోపలి గుబ్బలకు అంచు గుబ్బల్లో సగం కలిపి ఒకటి తీసేయాలి. పైన చెప్పిన వాలు చతురస్రానికి లోపల నాలుగు, అంచు మీద నాలుగు. 4 కలిపి 2, ఒకటి తీస్తే 5. కుదిరింది. ఒక్క జాగ్రత్త: పట్టిక ఇష్టమొచ్చినట్టు వేస్తే ఏ వరుసా కనిపించదు. మొదట లోపల గుబ్బే లేని ఆకారాలు, తర్వాత ఒక్క గుబ్బ ఉన్నవి, ఇలా లోపలి గుబ్బల లెక్కను కదపకుండా పెట్టి, అంచు గుబ్బలను మార్చి చూడాలి. లావు బ్యాండు వాడితే గుబ్బ గీత మీద ఉందో, పక్కన ఉందో తెలియక లెక్క తప్పుతుంది. అనుమానమొస్తే కాగితం మీద గీయించండి.

బోర్డులు చాలకపోతే మన ఇళ్ళ ముందరి చుక్కల ముగ్గే దారి. ఐదు వరుసల ఐదు చుక్కలు నోటుబుక్కులో పెట్టమంటే ఏ ఆడపిల్లయినా, చాలామంది మగపిల్లలయినా నిమిషంలో పెడతారు. చెక్కతో చేయించుకోవాలంటే 20 సెం.మీ. చదరపు ప్లైవుడ్ ముక్క, అంచునుంచి 2 సెం.మీ. వదిలి 4 సెం.మీ. దూరంలో ఇంచు మేకులు 25. మేకులు సగం బయటుండాలి, నిటారుగా దిగాలి. ఒక్కటి ఒరిగినా వాలు చతురస్రం తప్పు చూపిస్తుంది.

ఆల్జీబ్రా టైల్స్ అంటే బీజగణిత పదాలకు బదులు పేర్చే ముక్కలు: చిన్న చదరం ఒకటి, పట్టీ ఎక్స్, పెద్ద చదరం ఎక్స్ స్క్వేర్. వీటి దగ్గర గట్టిగా చెప్పాల్సిన ఫిర్యాదు ఉంది. చౌక కిట్లలో చిన్న చదరం భుజం 1 సెం.మీ., ఎక్స్ పట్టీ పొడవు సరిగ్గా 5 సెం.మీ. ఉంటుంది. పిల్లలు ఎక్స్ పట్టీ పక్కన ఐదు చిన్న చదరాలు పేర్చి "ఎక్స్ అంటే ఐదు" అని తేల్చేస్తారు. వాళ్ళ తప్పేమీ లేదు, సామాను అలా చెబుతోంది మరి. ఎక్స్ అంటే ఏ సంఖ్యయినా కావచ్చని నేర్పడానికే పుట్టిన వస్తువు అదే విషయాన్ని చెడగొడుతోంది. దుకాణంలోనే ఒక పట్టీ పక్కన చదరాలు పేర్చి చూడండి. సరిగ్గా సరిపోతే ఆ కిట్టులో టైల్స్ లేవనే అనుకోండి.

ఇంతకన్నా మంచివి ఫోమ్ షీటుతో ఇంట్లోనే అవుతాయి. చిన్న చదరం 2 సెం.మీ., ఎక్స్ 7.3 సెం.మీ. పెట్టుకుంటే ఎన్ని చదరాలు పేర్చినా పట్టీకి సమం కావు. ఒక్క ఏ4 షీటులో ఒక జట్టు సామాను పడుతుంది. మొదటి వరుసలో 7.3 చదరాలు రెండు, వాటి పక్కన నిలువుగా ఎక్స్ పట్టీలు మూడు. రెండో వరుసలో పట్టీలు పది. దాని కింద 2 సెం.మీ. చదరాలు పదేసి రెండు వరుసలు. అంటే ఎక్స్ స్క్వేర్ 2, ఎక్స్ 13, ఒకట్లు 20. స్టీలు స్కేలు, కట్టరు వాడాలి; కత్తెరతో కోస్తే అంచులు వంకరపోయి దీర్ఘచతురస్రం కుదరదు. రుణ సంఖ్యలకు ఇంకో రంగు షీటు.

పట్టీలు 13 ఎందుకో చెబుతాం. కార్డు "ఎక్స్ స్క్వేర్ ప్లస్ ఐదు ఎక్స్ ప్లస్ ఆరును దీర్ఘచతురస్రంగా పేర్చండి" అంటుంది. పిల్లలు పేరుస్తారు, భుజాలు చూసి కారణాంకాలు రాస్తారు, అయిపోయింది. దీన్ని తలకిందులు చేయండి: "ఒక ఎక్స్ స్క్వేర్, పన్నెండు ఒకట్లు తీసుకోండి. దీర్ఘచతురస్రం రావాలంటే ఎక్స్ పట్టీలు ఎన్ని కావాలి?" ఒక జట్టు ఏడంటుంది, పక్క జట్టు ఎనిమిదంటుంది. ఎవరిది ఒప్పన్న గొడవ మొదలవుతుంది. రెండూ ఒప్పే. పదమూడు కూడా ఒప్పే, కానీ దాన్ని వెతికి పట్టేవాళ్ళు తక్కువ. ఆ పదమూడు పేర్చడానికి పట్టీలు చాలకపోతే పాఠం అక్కడే ఆగిపోతుంది. పెట్టెలో వచ్చేవి ఈ లెక్కకు సరిపోతాయో లేదో కొనేముందే లెక్కపెట్టుకోండి. పన్నెండుకు బదులు పదకొండు ఇస్తే ఒక్క జవాబే ఎందుకొచ్చింది, పద్నాలుగు ఇస్తే ఎన్ని వస్తాయి, చేయకుండానే చెప్పగలరా? మధ్య పదాన్ని విడగొట్టే పద్ధతి బట్టీ పట్టకుండా ఇలా వస్తుంది.

పదో తరగతికి: ఎక్స్ స్క్వేర్ ఒకటి, ఎక్స్‌లు ఆరు ఇచ్చి, ఎన్ని ఒకట్లు కలిపితే కచ్చితమైన చతురస్రం అవుతుందో చూడమనండి. మూడేసి పట్టీలు రెండు వైపులా పెట్టగానే మూలలో మూడు మూళ్ళు తొమ్మిది చదరాల చోటు ఖాళీగా కనిపిస్తుంది. వర్గం పూర్తి చేయడం అన్న మాటకు అర్థం ఆ ఖాళీ మూలే.

క్లినోమీటరు పరవాలేదు. ఎండీఎఫ్ (చెక్కపొడిని అదిమి చేసిన) పలక మీద కోణమాని, దారం, చిన్న బరువు. దారానికున్న బరువు మరీ తేలిక, గాలికి ఊగుతూనే ఉంటుంది. దాని స్థానంలో ఒక ఇనప నట్టు కట్టండి. చూడటానికి పెట్టిన స్ట్రా కాగితంది, రెండు నెలలకు వంగిపోతుంది. ప్లాస్టిక్ స్ట్రాలను 2022 జూలై 1 నుంచి నిషేధించారు కాబట్టి ఖాళీ పెన్ను గొట్టం అంటించుకోవడం మేలు. రెండు తప్పులు ప్రతి క్లాసులోనూ వస్తాయి: దారం చూపే కోణాన్ని 90లోంచి తీసేయకుండా అదే ఊర్ధ్వకోణమనుకోవడం, కొలిచే పిల్లవాడి కంటి ఎత్తు కలపడం మరచిపోవడం.

దీనితో "జెండా కర్ర ఎత్తు కనుక్కోండి" కన్నా మంచి ప్రశ్న ఉంది: "ఎంత దూరంలో నిలబడి కొలిస్తే తప్పు తక్కువ?" మూడు జట్లు దగ్గర్నుంచి, మూడు నడిమి దూరం నుంచి, మూడు దూరంనుంచి అదే వస్తువును కొలిచి జవాబులు పక్కపక్కన రాయాలి. కంటి మట్టానికి పైన 12 మీటర్లున్న దానిని 45 డిగ్రీలు కనిపించే చోటునుంచి కొలిస్తే, కోణంలో ఒక్క డిగ్రీ తప్పు జవాబులో 0.42 మీటర్ల తేడా తెస్తుంది. దగ్గరికి జరిగి 70 డిగ్రీలు కనిపించే చోట నిలబడితే అదే తప్పు 0.65 మీటర్లవుతుంది. మరీ దూరం పోయినా తప్పు మళ్ళీ పెరుగుతుంది. ఎత్తు ఎంతో దూరమూ అంతే ఉన్నచోట నిలబడటమే మంచిదని పిల్లలు తమ అంకెల్లోంచే తీస్తారు. టాన్ పట్టికలో 45 తర్వాత విలువలు ఎలా ఎగబాకుతాయో అప్పుడు చూస్తే కళ్ళకు కడుతుంది.

పైథాగరస్ పలక కొనొద్దు. 3, 4, 5 భుజాల త్రిభుజానికి మాత్రమే కుదిరే ముక్కలవి, ఒక్క తీరుగానే అమరుతాయి. పేర్చడం వచ్చిందంటే సిద్ధాంతం వచ్చినట్టు కాదు. ఇంకే త్రిభుజం పెట్టినా ఆ పలక మూగబోతుంది. గ్రాఫు కాగితంతో రకరకాల చతురస్రాలు కత్తిరించి, మూడేసి తీసుకుని భుజాలు కలిపి త్రిభుజాలు చేయమనండి. రెండు చిన్న చతురస్రాల మొత్తం పెద్దదాని కన్నా ఎక్కువైతే ఎలాంటి త్రిభుజం, తక్కువైతే ఎలాంటిది, సమానమైతే ఎలాంటిది? అల్పకోణం, అధిక కోణం, లంబకోణం మూడూ ఒకే పట్టికలోకి వస్తాయి.

పాచికలు రెండే ఇస్తారు, ఇరవై జతలకు నలభై కావాలి. బేగంబజార్‌లో లూడో పాచికలు విడిగా కొనుక్కోండి. ఒకటి నుంచి పన్నెండు దాకా గుర్రాలు పెట్టి, రెండు పాచికల మొత్తం ఏది వస్తే ఆ గుర్రం ఒక గడి కదిలే ఆట ఆడించండి. ఒకటో నంబరు గుర్రాన్ని తీసేయకండి, అది ఎన్నటికీ కదలదని వాళ్ళే కనుక్కోవాలి. ఒక్కో జత 36 సార్లు వేస్తే ఫలితాలు చిందరవందరగా ఉంటాయి, కొన్ని జతల్లో ఐదో, తొమ్మిదో గెలుస్తుంది. ఇరవై జతలవీ కలిపి 720 సార్ల లెక్క బోర్డు మీద వేస్తేనే ఏడు 120 దగ్గరకు చేరడం కనిపిస్తుంది. ఈ కలిపే పని వదిలేస్తే ఆట ఆటగానే మిగులుతుంది.

పెట్టెలో లేనివి రెండు చెప్పకుండా ఉండలేం, ఎందుకంటే పైసా ఖర్చు లేకుండా కిట్టు కన్నా మిన్నగా పనిచేస్తాయి. ఒకటి మూతలేని డబ్బా. 20 సెం.మీ. చదరపు గ్రాఫు కాగితం నాలుగు మూలల్లో సమానమైన చదరాలు కత్తిరించి, అంచులు పైకి మడిస్తే డబ్బా అవుతుంది. ఎంత కత్తిరిస్తే ఎక్కువ పడుతుంది? కాగితం అదే కాబట్టి అన్ని డబ్బాల్లోనూ అంతే పడుతుందని సగం క్లాసు వాదిస్తుంది. వాదించనివ్వండి. 1 కత్తిరిస్తే 324 ఘన సెం.మీ., 2కు 512, 3కు 588, 4కు 576, 5కు 500. అంటే మూడే జవాబా? మూడున్నర చూద్దామని ఎవరో అంటారు, 591.5 వస్తుంది. 3.3కు 592.5, 3.4కు 592.4. ఇంకా మధ్యలోకి పోతే? ఇంటర్‌లో అవకలనం నేర్చుకునేటప్పుడు మూడింట పది అన్న జవాబు వస్తుంది. తొమ్మిదో తరగతిలోనే దాన్ని చేతితో తడిమి చూసినవాళ్ళకు అది కొత్త కాదు.

రెండోది మహారాష్ట్రలోని దేవ్లాలీ బడిపంతులు డి.ఆర్. కాప్రేకర్ 1949లో కనుక్కున్న సంఖ్య. నాలుగంకెల సంఖ్య ఏదైనా, అంకెలన్నీ ఒకటే కాకుండా, తీసుకోండి. అంకెలను పెద్దనుంచి చిన్నకు, చిన్ననుంచి పెద్దకు పేర్చి తీసివేయండి, వచ్చినదానితో మళ్ళీ అదే చేయండి. ఏడు మెట్లు దాటకుండా 6174 వచ్చి ఆగుతుంది. 2025తో మొదలుపెడితే 4995, 5355, 1998, 8082, 8532, 6174. ఆరో తరగతికి తీసివేతల అభ్యాసం ఇంతకన్నా ఇష్టంగా చేయించే దారి లేదు. సున్నా దగ్గరే జారతారు: 1000లోంచి 0001 తీస్తే 999. దాన్ని 0999గా రాయకపోతే తర్వాతి మెట్టులో సున్నా వచ్చి పిల్లవాడు బెంబేలెత్తుతాడు. రెండంకెల సంఖ్యలతో ఏమవుతుంది? అక్కడ ఆగదు, 9, 81, 63, 27, 45, మళ్ళీ 9 అని గిరగిరా తిరుగుతుంది. అన్నీ తొమ్మిది ఎక్కంలోనివే ఎందుకయ్యాయన్నది ఎనిమిదో తరగతికి ఇవ్వండి.

కొన్ని కిట్లలో కార్డుల మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది, స్కాన్ చేస్తే వీడియో వస్తుంది. వీడియో కూడా జవాబు చెప్పేసేదే. స్కూల్లో ప్రొజెక్టరుంటే జియోజీబ్రా మేలు. ఆస్ట్రియాలో మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేరు బడులకు ఉచితం. త్రిభుజం శీర్షాన్ని లాగుతూ "ఏది మారుతోంది, ఏది మారడం లేదు?" అని అడగడానికి సాటిలేనిది. కోణాలను రెండు దశాంశాలకు సవరించి చూపడంవల్ల మూడూ కూడితే ఒక్కోసారి 180.01 వస్తుంది. కంగారుపడి మూయకండి, అది ఎక్కడినుంచి వచ్చిందో అడగండి.

భాష సంగతి. కార్డులన్నీ ఇంగ్లిషులోనే ఉంటాయి. మన నగరంలో ఒకే వీధిలో తెలుగు, ఉర్దూ, ఇంగ్లిషు మీడియం బడులుంటాయి. ప్రభుత్వ బడుల్లో పిల్లలు రెండు భాషల పుస్తకాలు చదువుతున్నారు. వాళ్ళ చేతికి ఇంగ్లిషు సూచనలు మాత్రమే ఇస్తే సగం పీరియడు అర్థం చెప్పడంలోనే పోతుంది. ప్రశ్నను బోర్డు మీద ఒక్క వాక్యంలో రాయడం మంచిది. జట్టులో మాట్లాడుకునేటప్పుడు ఏ భాషయినా సరే. చివర నోట్‌బుక్కులో రాసేటప్పుడు చుట్టుకొలత, వైశాల్యం లాంటి మాటలు సరిగ్గా పడితే చాలు.

జట్టుకు నలుగురు, పది జట్లు. ప్రశ్నకు ఐదు నిమిషాలు, పనికి ఇరవై, బోర్డు దగ్గర చర్చకు పదిహేను, రాయడానికి ఐదు. ఎక్కువమంది చర్చకు చోటు లేకుండా పనికే సమయమంతా ఇచ్చేస్తారు, అంతలో బెల్లు మోగుతుంది. చర్చ మొదలుపెట్టేటప్పుడు పూర్తిచేసిన జట్టును కాకుండా సగంలో చిక్కుకున్న జట్టును ముందు పిలవండి. సరైన జవాబు ముందే బోర్డెక్కితే మిగతా తొమ్మిది జట్లూ కలాలు మూసేస్తాయి.

కొనడానికి వెళ్ళేటప్పుడు స్కేలు, పావుకిలో రవ్వ వెంట తీసుకెళ్ళండి. దుకాణంవాళ్ళు పెట్టె సీలు విప్పనంటే నమూనా పెట్టె చూపించమనండి, చాలాచోట్ల ఒకటి విప్పి ఉంచుతారు. శంకువులో, స్థూపంలో రవ్వ పోసి చూడండి. ఎక్స్ పట్టీ పక్కన చదరాలు పేర్చండి. గుబ్బలు నొక్కండి. విడివిడిగా అమ్మే దుకాణమైతే జియోబోర్డులు ఐదు, ఘనాకృతుల సెట్టు ఒకటి, క్లినోమీటర్లు రెండు తీసుకుని, మిగిలిన డబ్బుతో ఫోమ్ షీట్లు, గ్రాఫు పుస్తకాలు, పాచికలు కొనుక్కోండి. పెట్టె మొత్తంగానే ఇస్తామంటే, కార్డులు వాళ్ళనే ఉంచేసుకుని ధర తగ్గించమని అడగండి.